నర్సమ్మ కాల్చిన జున్ను

జున్నును ఆవిరి మీద ఉడికించడమే గానీ, కింద నిప్పు, పైన నిప్పు పెట్టి కాల్చవచ్చని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియజెప్పింది ఒక నర్సమ్మ. అరవయ్యో దశకం మొదట్లో మాట ఇది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. తిండి యావ మాత్రం ఇంటిల్లిపాదికీ ఉండాల్సినదంతా నా ఒక్కదానికే ఉండేది. ఆ రోజుల్లో నేను ఏదైనా మంచి పని చేశానంటే దానికి కారణం ఆ యావే తప్ప మరొకటి కాదు.

మాది ఇందుకూరుపేటకు అవతల, మైపాడు సముద్రానికి ఇవతల, వరిపొలాల మధ్య ఊరు. తూర్పుగాలి తిరిగితే అలల హోరు మా వసారాలోకి వినపడేది. ఇంట్లో నాయన, అమ్మ, అవ్వ, నేను. అవ్వంటే నాయన తల్లి. పెరట్లో రెండు బర్రెలు, వాటి కొట్టం, కొట్టం పక్కన ఒక పెంకుల గది. అంతకు ముందు ఆ గదిలో విత్తనాల బస్తాలు ఉండేవి. ప్రభుత్వం మా ఊరికి నర్సును వేసినప్పుడు ఆమెకు ఇల్లు ఇచ్చేవాళ్ళు దొరకలేదు. కిరస్తానీ మనిషని కొందరు, పెళ్ళికాని పిల్లని కొందరు, తలా ఒక సాకు చెప్పారు. నాయన పంచాయితీ మెంబరు. ఎవరూ ఇవ్వకపోతే తనకే తలవంపులని బస్తాలు తీయించి ఆ గది ఇచ్చాడు.

అవ్వ ఒప్పుకుంది గానీ తన షరతులు తను పెట్టింది. ఆ గదికి విడిగా పొయ్యి, విడిగా నీళ్ళకుండ ఉండాలి. ఆమె పెరటి దారినే వచ్చి పెరటి దారినే పోవాలి. మా వంటింటి గడప తొక్కకూడదు. ఆమె వండింది మేము తినకూడదు. పొయ్యిని అవ్వే దగ్గరుండి మట్టి తెప్పించి పెట్టించింది. ఆ పొయ్యి వల్ల ఎంత కథ నడుస్తుందో తెలిసి ఉంటే పెట్టించేది కాదేమో.

నర్సమ్మకు పాతికేళ్ళు ఉంటాయి. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, ఎప్పుడూ ఏదో తరుముతున్నట్టు నడిచేది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే పట్నంలో మిషను హాస్టల్లో పెరిగి, అక్కడి ఆసుపత్రిలోనే పని నేర్చింది. మైపాడు పక్కన సముద్రం మీద బతికే పాళెం వాళ్ళు కానుపులకు ఆమెనే పిలిచేవాళ్ళు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఆమె చేతిసంచిలో చేపలో గుడ్లో ఉండేవి. మా ఊళ్ళో కాస్త పొలం ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం పిలిచేవాళ్ళు కాదు. మాకు తరతరాల మంత్రసాని ఉంది.

ఆ ఏడు మా అమ్మ కడుపుతో ఉంది. నేను మొదటి కానుపు. అమ్మ పుట్టిల్లు నాయుడుపేటలో పుట్టాను. అమ్మకు ఒళ్ళు బాగాలేకపోతే మొదటి రోజుల్లో పక్కింటి బాలింత నాకు పాలిచ్చిందట. నా తర్వాత ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఈ ఇంట్లో పుట్టారు. ఇద్దరూ పురిటి స్నానం కాకముందే పోయారు. వాళ్ళను చివరిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అవ్వే. దిష్టి తగిలిందని ఒకసారి, గాలి సోకిందని ఒకసారి అనుకున్నారు. అప్పటి నుంచి అవ్వ ఆచారాలన్నీ రెండింతలు చేసింది. అమ్మ మాత్రం మాట్లాడటం సగానికి సగం తగ్గించింది.

ఒకరోజు నాయనకు అన్నం పెడుతూ అమ్మ అంది, "ఈ తూరి నర్సమ్మ చేత చూపించుకుంటానండీ. నాకీ బిడ్డ బతకాల."

నాయన ముద్ద కలుపుతూ, "మాయమ్మతో చెప్పి చూస్తాలే," అన్నాడు. చెప్పలేదు. పొగరుబోతు ఎద్దును ముకుతాడు పట్టి నిలేసే మనిషి, తల్లి ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడు. అమ్మకు అది తెలుసు, నాకూ తెలుసు, బహుశా ఎద్దుకు కూడా తెలుసు.

డిసెంబరు వచ్చింది. నర్సమ్మ తన గడపలో కూర్చుని సూదులు నీళ్ళలో మరగబెట్టుకుంటూ నాతో కబుర్లు చెప్పేది. వాళ్ళ ఆసుపత్రిలో ఒక దొరసానమ్మ ఉండేదట. క్రిస్మసు నాడు డ్యూటీలో ఉండే నర్సు పిల్లలకని ఆమె తన చేత్తో చీజు కేకు చేసేదట.

"అంటే ఏందక్కా?"

"పాలు విరగ్గొట్టి, నీళ్ళు పోనిచ్చి, ఆ ముద్దలో గుడ్లూ చక్కెరా వేసి చిలుకుతారు పాపా. అడుగున బిస్కట్ల పొడి వెన్నతో తడిపి పరుస్తారు. పైన ఈ ముద్ద పోసి కాలుస్తారు. నోట్లో పెట్టుకుంటే నమిలే పన్లేదు." చెబుతూ చెబుతూ ఆమె సూదుల గిన్నె వైపు చూసింది. "ఇన్నాళ్ళూ పండగంటే పదిమందిమి ఉండేవాళ్ళం. ఈసారి ఒక్కదాన్నే. అదొకటి చేసుకుంటే నాకూ పండగ వచ్చిందని తెలస్తాది."

ఆమె ఒంటరితనం నాకేమీ అర్థం కాలేదు. నమలాల్సిన పనిలేని తీపి వస్తువు ఒకటి లోకంలో ఉందన్నది మాత్రం బాగా అర్థమైంది. ఆ క్షణం నుంచి నేను ఆమె మనిషిని.

నర్సమ్మ మైపాడు నుంచి సంచెడు ఇసుక తెచ్చింది. వెడల్పు మూతి మట్టి దాకలో ఆ ఇసుక పోసి, నడుమ ఇత్తడి గిన్నె పెట్టి, దాక మీద రేకు మూసి, రేకు పైన కూడా నిప్పులు పోస్తే అదే కేకు కాల్చే పొయ్యి అని చూపించింది. రోజూ మా అవ్వ దగ్గరే చెంబుడు పాలు పోయించుకునేది. ఆ పూట రెండు చెంబులు అడిగింది. అవ్వ పైనుంచి, చెంబుకు చెంబు తగలకుండా పోసింది. ఎందుకని అడగలేదు. నేను మా చెట్టు నిమ్మకాయ కోసి ఒళ్ళో దాచి పట్టుకుపోయాను.

పాలు పొంగుతుండగా ఆమె నిమ్మకాయ పిండింది. పాలు ముక్కలు ముక్కలుగా విడిపోయి పచ్చటి నీళ్ళు తేలాయి. ఇదంతా ముందే చెప్పినా, కళ్ళారా చూసేసరికి నేను అవ్వ వస్తోందేమోనని వెనక్కి తిరిగి చూశాను. మా ఇంట్లో పాలు విరగడమంటే చావు కబురు లాంటిది. ఆమె మాత్రం కూనిరాగం తీస్తూ ఆ ముద్దను పల్చటి గుడ్డలో మూటగట్టి చూరుకు వేలాడదీసింది.

సాయంత్రం పాలు పితకడానికి కొట్టంలోకి వచ్చిన అవ్వ, చూరు నుంచి బొట్లు బొట్లుగా కారుతున్న మూటను చూసింది.

"ఏందది?"

"విరుగుడు ముద్ద పెద్దమ్మా. మీరు పోసిన పాలనే నిమ్మకాయ పిండి విరగ్గొట్టినా." నర్సమ్మ నవ్వు ముఖంతోనే చెప్పింది. అందులో తప్పేముందో ఆమెకు నిజంగా తెలియదు.

పాడి ఉన్న ఇంట్లో పాలు పొంగితే మేలు, విరిగితే కీడు. వాటంతట అవి విరిగితేనే అవ్వ ఆ పూట అన్నం సరిగ్గా తినేది కాదు. కావాలని విరగ్గొట్టిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉండగా నా బర్రె పాలు విరగ్గొడతావా? ఇద్దరిని పోగొట్టుకున్న కొంప ఇది! పండగ చేసుకో, పెళ్ళి చేసుకో, నెల తిరిగే లోపల గది ఖాళీ చెయ్యి. నీ చెయ్యి నా కోడలి మీద పడిందంటే చూసుకో."

అవ్వ ఆ మూట విప్పి, తిండి వస్తువును పదిమంది తొక్కేచోట పడెయ్యడానికి మనసొప్పక, మునగచెట్టు కింద గుంట తీసి పూడ్చింది. అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను మునగచెట్టు దగ్గర కూర్చుని ఏడ్చాను. కారణాలు వేరు. నాయన కాలవ నీళ్ళు చూసొస్తానని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

"ఆమె గూడా పోతే నా గతేంది?" అని అమ్మ నన్ను అడిగింది. ఇంట్లో అడగడానికి ఆమెకు నేనే దొరికాను. నేను ఆమె చీరకొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

వారం తిరగకముందే మా పెద్దబర్రె ఈనింది. తెల్లవారి నేను లేచేసరికి కొట్టంలో దూడ నిలబడాలని చూస్తూ పడిపోతోంది. అవ్వ దాన్ని గడ్డితో తుడుస్తోంది. జున్నుపాలు వస్తాయని నేను ఇత్తడి గిన్నెతో తయారయ్యాను. అవ్వ నన్ను పొదుగు దగ్గరికి రానివ్వలేదు.

"ఉండవే యావదానా. ముందు దూడ. దాని పొట్ట నిండినాకనే మనకు. దాని నోటికాడిది లాక్కోని తింటే అది జున్ను కాదు, పాపం."

దూడకు పొదుగు ఎక్కడుందో తెలియక తల్లి ముందుకాళ్ళ దగ్గర వెతుక్కుంటోంది. అవ్వ దాని మూతిని తన చేత్తో పట్టుకుని చన్ను నోట్లో పెట్టింది. అది తాగుతుంటే వీపు నిమురుతూ, "తాగు నాయనా, తాగు," అని ఎంతో మెత్తగా అంటోంది. మనుషులతో అవ్వ ఆ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. దూడకు చాలినంత తాగనిచ్చాక అప్పుడు పితికింది. పాలు పసుపు కలిపినట్టు చిక్కగా ఉన్నాయి.

జున్నుపాలు అమ్మరు, పంచుతారు. మా వీధిలో పొయ్యి వెలిగే ప్రతి చోటుకీ వెళ్ళాలి. ఒక్క పొయ్యిని తప్పించినా పొదుగు ఎండిపోతుందని అవ్వ నమ్మకం. గిన్నెలు వరసగా పెట్టి, ఇది వాళ్ళకు, ఇది వీళ్ళకు అని పోసుకుంటూ వచ్చి, చివర ఆగింది. కొట్టం పక్క గది వైపు చూసింది.

"ఆ గదిలో పొయ్యి ఉండాదా, లేదా?" అని తనను తానే అడిగింది.

"ఉండాదవ్వా. నువ్వే పెట్టించినావు," అన్నాను నేను.

అవ్వ నన్ను కొరకొరా చూసింది. కాసేపు పళ్ళు నూరుకుని, ఇంకో గిన్నెలో పోసింది. అన్ని గిన్నెల్లో వేసినట్టే అందులోనూ ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ వేసింది. గడప దాటే పాలకు దిష్టి తగలకుండా మా వైపు అలా వేస్తారు. పుచ్చుకున్నవాళ్ళు వాటిని తీసి పారేసి పాలు వాడుకుంటారు. ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలుసునని మా నమ్మకం.

గిన్నె తీసుకుని వెళ్ళేసరికి నర్సమ్మ తన రేకు ట్రంకులో చీరలు సర్దుకుంటోంది. నేను ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. "అక్కా, ఈ పాలు విరగ్గొట్టే పని లేదు. నిప్పు మీద పెడితే వాటికవే గడ్డకడతాయి. నీ కేకు దీంతో చెయ్యి."

"మీ అవ్వ మళ్ళీ ఏమంటాదో."

"పంచిన పాలను ఏం చేసుకున్నారని అడగరు. అది ఆచారం." ఆ ఆచారాన్ని అప్పటికప్పుడు నేనే పుట్టించాను.

ఆమె ట్రంకు మూసి దాక దించింది. బిస్కట్లు దంచే పని నాది, దంచగా ఎగిరిపడిన పొడి తినే పని కూడా నాదే. నేను మా వంటింట్లోంచి నిప్పులు తీసుకురావడానికి వెళ్ళొచ్చేలోపు ఆమె పాలూ గుడ్లూ చక్కెరా ఏలకుల పొడీ అన్నీ కలిపేసింది. గిన్నెను ఇసుకలో కుదురుగా పెట్టి, కింద చింతకట్టెల నిప్పు దండిగా పోసి, రేకు మూసింది. కాసేపటికే అంచు మాడిన వాసన లేచింది.

కొట్టంలో బర్రెకు కుడితి పెడుతున్న అవ్వ ముక్కుకు ఆ వాసన తగిలింది.

"ఎవురే, నా జున్నుపాలు మాడబెడతా ఉండేది?"

వచ్చి ఆ గది ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. దాకను చూసింది, కింద నిప్పును చూసింది.

"కింద అంత నిప్పేంది? మొదటి రోజు పాలు ఇవి. మామూలు పాలు కలిపినావా?"

"లేదు పెద్దమ్మా. కలపాలని తెలీదు."

"కలపకుంటే అది జున్నయితాదా? చెప్పు అడుగయితాది! ఎత్తు, ఎత్తు."

నర్సమ్మ గుడ్డపేలికలతో గిన్నె ఎత్తింది. అంచు మాత్రమే గట్టిపడింది, నడుమ ఇంకా పల్చగానే ఉంది. అవ్వ చెంబుతో పాలు తెచ్చి, అప్పటికీ పైనుంచే పోసి, కలపమంది. తర్వాత చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఆ పొయ్యి ముందు చతికిలబడి, పటకారు అందుకుంది. చింతనిప్పులన్నీ లాగేసి, పిడకల నిప్పు బూడిద కప్పి పరిచింది. పైన రేకు మీద ఊక పోసి, ఒక్క నిప్పురవ్వ వేసింది. అది మంట లేకుండా, ఎర్రగా, చప్పుడు చెయ్యకుండా అంటుకుంటూ పోయింది.

"ఇట్టా పెట్టాల. పాలు కాగినట్టు వాటికే తెలవకూడదు."

నర్సమ్మ ఆమె పక్కనే గొంతుక్కూర్చుని చూసింది. "మా దొరసానమ్మ దగ్గర ఇనప పెట్టె ఉండేది పెద్దమ్మా. గడియారం చూసి తీసేది."

"గడియారం వాసన చూస్తాదా?" అంది అవ్వ. నర్సమ్మ నవ్వాపుకుంది. ఆ తర్వాత ఇద్దరూ దాకను చూస్తూ కూర్చున్నారు. నేను కొట్టం గుంజను కరుచుకుని వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ కొట్లాట మొదలై మళ్ళీ మునగచెట్టు కింద గుంట తవ్వుతారోనని నా భయం.

దాకలోనే చల్లారనిచ్చి, పొద్దు వాలాక తీశారు. పైన అట్టు రంగు వచ్చి, లోపల వెన్నలా కత్తికి లొంగింది. వాసనకు అమ్మ కూడా పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నర్సమ్మ మొదటి ముక్కను అరిటాకులో పెట్టి, ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆమె వండింది మేము తినకూడదన్న సంగతి ఆమెకూ తెలుసు.

అవ్వ ఆ ఆకు వైపు చూసింది. మా వైపు చూసింది.

"పాలు నావి. నిప్పు నేను పెట్టినా. నిప్పు ఎవురిదయితే వంట వాళ్ళది. ఇది నా వంటే," అని ఆకు అందుకుంది.

గుడ్లు ఎవరివి, బిస్కట్లు ఎవరివి అని మాలో ఎవరూ అడగలేదు. అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ," అంది. ఇంకో ముక్క వేసుకుంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. ముఖం కందగడ్డ అయింది. దగ్గుతూ, నాలుక బయటపెట్టి, "కారం! కారమే ఇందులో!" అంది.

నర్సమ్మ హడలిపోయింది. "మిరపకాయ మీరేసినదే గదా పెద్దమ్మా! బొగ్గు పొయ్యిలోది పడిందనుకొని తీసేసినా. మిరపకాయ మీ పద్ధతేమో, తీపిలో వేస్తారేమో అని తుంచి, గింజలతో సహా కలిపేసినా."

ఆమె పెరిగింది హాస్టల్లో. ఒక ఇంటి గడప దాటి ఇంకో ఇంటికి పాలు వెళ్ళడం ఆమె ఎక్కడ చూసింది? చిన్నప్పుడు ఎవరి పెరట్లో ఆడుకుందని ఈ సంగతి తెలుస్తుంది? ఇదంతా నాకు ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం మేము ముగ్గురం నోళ్ళు తెరుచుకుని ఒకరినొకరు చూసుకున్నాం. ముందుగా అవ్వ నవ్వింది. "దిష్టి మిరపకాయనే తినేసినాం, ఇంక మనకు దిష్టేందే!" అని పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. అమ్మ గుమ్మానికి ఆనుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఆ ఇద్దరు బిడ్డలు పోయాక మా ఇంట్లో అందరూ కలిసి నవ్వింది అప్పుడే. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కారమైనా సరే రెండు ముక్కలు తిన్నాను.

నవ్వు తగ్గాక అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని నర్సమ్మను అడిగింది.

"నువ్వు ఎంతమందికి పురుడు పోసుంటావు?"

"చానా మందికి పెద్దమ్మా."

"నీ చేతిలో ఎవురన్నా పోయినారా?"

నర్సమ్మ అరిటాకు అంచు చీలుస్తూ కూర్చుంది. "పోయినారు. పట్నంలో కొందరు. పాళెంలో ఒక మగబిడ్డ. వాళ్ళమ్మ ఇప్పటికీ నేను కనపడితే తల తిప్పుకుంటాది."

అవ్వ ఆమె ముఖంలోకి చూస్తూ తల ఊపింది. "మంత్రసానిని అడిగితే తన చేతిలో ఒక్క బిడ్డా పోలేదంటాది. మా ఇద్దరూ ఆమె చేతిలోనే పోయినారు." లేస్తూ, "ఆ ట్రంకు విప్పి చీరలు బయటపెట్టుకో. ముడతలు పడతాయి," అంది.

మర్నాడే నర్సమ్మ మా వంటింటి గడప దాటి లోపలికి వచ్చింది. అమ్మ కాళ్ళ వాపు చూసింది, కనురెప్పలు లాగి రక్తం చాలదంది, ఉప్పు తగ్గించి మునగాకు రోజూ పెట్టమంది. అవ్వ పక్కనే నిలబడి అన్నిటికీ "అదెందుకు, ఇదెందుకు" అని అడిగేది. కొన్నింటికి ఒప్పుకునేది, కొన్నింటికి మూతి తిప్పేది. నాయన ఏమీ ఎరగనట్టు వసారాలో పగ్గాలు పేనుకునేవాడు గానీ, ఆయన ముఖం తేటపడటం నేను చూశాను.

కోతల రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పులొచ్చాయి. నాయన పొలంలో ఉన్నాడు. అవ్వ నన్నే పరిగెత్తించింది, అదీ కొట్టం పక్క గదికి. నర్సమ్మ అన్నం తింటున్నదల్లా చెయ్యి కడుక్కుని వచ్చింది. వేడినీళ్ళు అందించడానికి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి అమ్మ మూలుగు వినిపించినప్పుడల్లా నాకు తెలిసిన దేవుళ్ళందరినీ, నర్సమ్మ దేవుణ్ణి కూడా కలిపి మొక్కాను. ఎండ తూర్పు గోడ ఎక్కక ముందే బిడ్డ ఏడుపు వినిపించింది.

ఆడపిల్ల. ఎర్రగా, పిల్లికూనంత ఉంది. నర్సమ్మ తుడిచి అమ్మ పక్కన పడుకోబెట్టింది. అవ్వ అప్పటికే చిన్న గిన్నెలో చక్కెరనీళ్ళు, గుడ్డవత్తి తయారుగా పెట్టుకుని ఉంది. మా వైపు పుట్టిన బిడ్డకు మొదటి మూడు రోజులూ అవే చప్పరింపజేసేవాళ్ళు. తల్లికి పడే ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండి పారబోసేవాళ్ళు. మా తమ్ముడికీ చెల్లెలికీ అలాగే చేశారు.

"ఆ నీళ్ళొద్దు పెద్దమ్మా. బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించాల, ఇప్పుడే," అంది నర్సమ్మ.

అవ్వ గిన్నె వదల్లేదు. "అన్నిటికీ నీ మాట విన్నా. ఇది మాత్రం విన్ను. ముర్రుపాలు పసిబిడ్డకు పట్టిస్తే కడుపు చెడతాది. మా అత్త చెప్పింది, వాళ్ళత్త చెప్పింది."

నర్సమ్మ వాదించలేదు. చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది. "బర్రె ఈనినప్పుడు ఆ మొదటి పాలు ముందు ఎవురికి తాగించినారు పెద్దమ్మా?"

"దూడకు. దానికి తాగించినాకనే గదా..."

"తాగించకుంటే?"

"తాగించకుంటే అది యాడ బతుకుతాది? మొదటి పాలు పడని దూడ లేచి..."

అవ్వ చేతిలోని గిన్నె ఒరిగి చక్కెరనీళ్ళు నేల మీద ఒలికాయి. అమ్మ మంచం మీద నుంచి అత్తనే చూస్తోంది. అవ్వ గిన్నె తీసుకెళ్ళి మూల పెట్టేసి, గోడ వైపు తిరిగి నిలబడింది. నర్సమ్మ బిడ్డను ఎత్తి అమ్మకు పట్టించింది. కాసేపు ఆ పిల్లకు ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత తాగడం మొదలుపెట్టింది.

ఆ పిల్లే మా చెల్లెలు. ఇప్పుడు ఇందుకూరుపేటలోనే ఉంటుంది. నాకంటే లావు, నాకంటే నోరు. ఇద్దరు కూతుళ్ళకూ కోడలికీ పురుళ్ళు పోయించింది. ఇంట్లో బర్రె ఈనినప్పుడల్లా కబురు పెడుతుంది. నేను వెళ్ళి జున్నును ఊకనిప్పు మీద కాల్చి పెడతాను. మిరపకాయ వెయ్యను.

ఆ సాయంత్రం నర్సమ్మ బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేను నీళ్ళు తోడి పోస్తున్నాను. అవ్వ వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. నేను ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగింది.

"ఆ ఇద్దరికీ నేను తాగనియ్యలా. నా చేత్తోనే పిండించి పారబోయించినా. వాళ్ళు అందుకే పోయినారా?"

నర్సమ్మ చేతులు తుడుచుకుని ఆమె ముందు కూర్చుంది. "నాకు తెలీదు పెద్దమ్మా. అప్పుడు నేను లేను. చూడనిదాన్ని అవునని చెప్పలేను, కాదని చెప్పలేను."

"కాదని చెప్పొచ్చు గదా," అంది అవ్వ.

నర్సమ్మ అవ్వ చేతిని తన చేతిలోకి తీసుకుంది. అవ్వ లాక్కోలేదు. కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. నేను చేద పట్టుకుని, నీళ్ళు పొయ్యాలో వద్దో తెలియక నిలబడ్డాను.

ఇంతలో లోపలి నుంచి బిడ్డ ఏడుపు, ఆ వెనకే అమ్మ గొంతు వినిపించింది. "అత్తా, మళ్ళీ ఏడస్తా ఉండాది. ఏం చేసేది?"

అవ్వ లేచింది. కొంగుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుని, గబగబా లోపలికి నడిచింది. బావి దగ్గరికి ఆమె మాటలు స్పష్టంగా వినిపించాయి.

"పట్టించమ్మా, పట్టించు. ఎంత తాగితే అంత తాగనీ."